ముఖము తెలిసి పేరు తెలియని నటులు

(సంఘ వార్షికోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' చిత్రము నెరుగని తెలుగు కుటుంబము ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉన్నదనిన నమ్ముట కష్టము. ఘటోత్కచుడెవరనిన రంగారావనియు, కృష్ణుడెవరనిన రామారావనియు, అభిమన్యుడెవరనిన నాగేశ్వరరావనియు, శశిరేఖ యెవరనిన సావిత్రి యనియు బడికి పోవు బాలుడును తడుముకొనక చెప్పును. అంతటితో ఆగక ప్రశ్న నొక మెట్టు దింపి చూడవలయును. శకుని యెవరు? దుర్యోధనుడెవరు? శర్మ, శాస్త్రి యను జంటలో శాస్త్రి యెవరు? చినమయ్య శిష్యులైన లంబు జంబులెవరు? అప్పుడు ఇంట గుసగుసలు మొదలగును. "అదే, ఆ సన్నగా సాగదీసి మాటలాడునాయన" అని ఒకరు, "కన్యాశుల్కములో కూడ ఉన్నాడు కదా" అని మరియొకరు. ముఖము కన్నుల యెదుట నిలుచును. పేరు మాత్రము నాలుకకు రాదు.

శకుని సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. దుర్యోధనుడు ముక్కామల కృష్ణమూర్తి. శాస్త్రి వంగర వెంకటసుబ్బయ్య. లంబు జంబులు చదలవాడ కుటుంబరావు, నల్ల రామమూర్తి. ఈ అయిదుగురిని తీసివేసినచో ఆ మహాచిత్రము ఎంతవరకు నిలుచునో ఊహించుకొనవచ్చును. పందిరికి గుంజలు కావలయును. కాని పందిరిని మెచ్చుకొనువారు దానిపై ప్రాకిన తీగెనే చూతురు. నేటి ప్రసంగము ఆ గుంజలను గూర్చినది.

ఈ మరపు తెలుగువారికి మాత్రమే చెల్లినది కాదు. హాలీవుడ్ స్టూడియోల స్వర్ణయుగమందును ఇదే కథ. థామస్ మిచెల్ అను నటుడు 1939వ సంవత్సరమున ఒక్క యేటనే 'గాన్ విత్ ది విండ్', 'స్టేజ్‌కోచ్', 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్', 'ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్', 'హంచ్‌బ్యాక్ ఆఫ్ నోత్రదామ్' అను అయిదు ప్రసిద్ధ చిత్రములలో నటించెను. 'స్టేజ్‌కోచ్' చిత్రమునకు ఆస్కారు బహుమానమును కూడ పొందెను. నేడు క్లార్క్ గేబుల్ పేరు చెప్పువారు వేలమంది యుందురు. మిచెల్ పేరు చెప్పువారిని వెదకవలసివచ్చును. నటుని ప్రతిభకును, వాని పేరు నిలుచుటకును నడుమ నమ్మదగిన వంతెన లేదని దీనివలన తెలియుచున్నది.

అయినను ఈ విషయమును ఇతర ఊళ్ళలోకంటె ఖరగ్‌పూర్‌లో తలచుకొనుటకు ప్రత్యేక కారణ మొకటి కలదు. తొలి తెలుగు టాకీలలో పెక్కు కలకత్తాలో తయారైనవి. మద్రాసులో శబ్దగ్రహణ సౌకర్యముగల స్టూడియో 1934 వరకు లేదు. ఆ యేడే ఏ. నారాయణన్ శ్రీనివాసా సినీటోన్ స్థాపించిరి. ఆ యేడే వేల్ పిక్చర్స్ వారు 'సీతాకల్యాణము'ను మద్రాసులో నిర్మించిరి. అంతకు ముందు మాటలాడు బొమ్మ కావలయుననిన తెలుగు నటుడు బొంబాయికో, కలకత్తాకో పోవలసినదే. కలకత్తాలో మదన్ థియేటర్స్ వారు కాళ్ళకూరి నారాయణరావుగారి 'చింతామణి' నాటకమును 1933లో తెలుగు చిత్రముగా తీసిరి. ఆ యేడే ఈస్టిండియా ఫిల్ము కంపెనీవారు చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున 'సతీ సావిత్రి'ని, మరుసటి యేడు 'లవకుశ'ను, 1939లో 'వరవిక్రయము'ను, 1940లో 'మాలతీ మాధవము'ను నిర్మించిరి.

కాకినాడలోనో, రాజమహేంద్రవరములోనో, బెజవాడలోనో రైలెక్కిన ఆ నటులు వాల్తేరు దాటి, బెంగాల్ నాగపూర్ రైల్వే దారిని హౌరా చేరుకొనిరి. ఆ దారిలో ఖరగ్‌పూర్ తప్పనిసరి మజిలీ. హౌరా ఇక సుమారు 115 కిలోమీటర్లు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చి ఈ రైల్వే కర్మాగారమున సుత్తెయు, సమ్మెటయు పట్టిన తెలుగువారును, హార్మోనియము పెట్టెయు, ట్రంకుపెట్టెయు పట్టుకొని కలకత్తాకు సాగిన తెలుగు నటులును ఒకే రైలుదారి బాటసారులు. ఇరువురును పొట్టచేత పట్టుకొని పరభాషా ప్రాంతమునకు వచ్చినవారే. ఇరువురి పనియు పూర్తియైన పిమ్మట పనివాని పేరు చెరిగి వస్తువు మాత్రమే నిలిచినది. అందుచేత వీరి కథ ఈ ఊరివారికి పరాయి కథ కాదు.

మొట్టమొదట స్మరింపదగినది సురభి కమలాబాయిగారు. 1885లో కడప మండలమున సురభి గ్రామమున ఆరంభమైన నాటక కుటుంబములకు చెందిన నటీమణి ఆమె. హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో ఆమె లీలావతి; మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు. ఆ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చిరకాలము నమ్ముచు వచ్చితిమి. ఇటీవలి పరిశోధన వలన 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనట్లు తేలినది. తెలుగు టాకీ పుట్టినరోజునే దశాబ్దములపాటు తప్పుగా చెప్పుకొన్న జాతి, అందులో నటించినవారి పేర్లను మరచుటలో వింత యేమున్నది?

ఆ వెంటనే 1932లో వచ్చిన 'పాదుకా పట్టాభిషేకము', 'శకుంతల' చిత్రములలోను కమలాబాయిగారే నాయిక. 1936లో ద్రౌపదీ వస్త్రాపహరణ గాథను ఇరుపక్షములవారు పోటాపోటీగా తీసినపుడు, ఒక చిత్రమున కన్నాంబగారు ద్రౌపది కాగా, 'ద్రౌపదీ మానసంరక్షణము' అను రెండవ చిత్రమున కమలాబాయిగారు ద్రౌపది. అందు దుర్యోధనుడు సాక్షాత్తు బళ్ళారి రాఘవగారు. ఆ పోటీలో కన్నాంబగారి చిత్రమునకే జనాదరణ లభించినది.

కాలము గడచినది. 1951లో విజయావారి 'పాతాళభైరవి' వచ్చినది. సాహసవంతుడైన తోటరాముని ఇంట అతనికై కన్నీరు పెట్టు తల్లిని ప్రేక్షకులందరును చూచిరి. ఆ తల్లి కమలాబాయిగారే. తెలుగు తెరపై మొట్టమొదట నాయికగా నిలిచినామె ఆమెయేనని ఆ చీకటి హాలులో ఎందరికి తెలిసియుండును? ఇరువది యేండ్లలోపల నాయిక తల్లియైనది. వేషము మారుట నటికి సహజమే. కాని ఆ తల్లి వేషమును చూచి చప్పట్లు కొట్టినవారికి ఆ తొలి ఘనత తెలియకపోవుట మాత్రము సహజము కాదు.

కలకత్తా చిత్రములకు వత్తము. 'సతీ సావిత్రి'లో యముడు వేమూరి గగ్గయ్యగారు. దాసరి రామతిలకముగారు ఆయనతో కూడ ప్రధాన పాత్రధారిణి. గగ్గయ్యగారు 1895లో జన్మించి 1955లో దివంగతులైరి. ఆయన కంఠము మైకు ఎరుగని నాటకశాలలో చివరి బల్లమీద కూర్చున్నవానికిని వినబడుటకు సాధనచేసిన కంఠము. 'శ్రీకృష్ణ లీలలు'లో కంసునిగా, 'భక్త మార్కండేయ'లో మరల యమునిగా ఆయన నిలిచిరి. తరువాతి తరముల వారు యముడనగానే కైకాల సత్యనారాయణగారిని తలంతురు. అది న్యాయమే, సత్యనారాయణగారు గొప్ప యముడు. కాని తెలుగు తెరపై దున్నపోతునెక్కిన తొలి యముని గర్జన టాలీగంజ్ ప్రాంతపు స్టూడియో గోడల నడుమ ధ్వనించిన దన్న మాటను ఎవరో ఒకరు గుర్తుంచుకొనవలయును.

1934 నాటి 'లవకుశ'లో శ్రీరాముడు పారుపల్లి సుబ్బారావుగారు, సీత శ్రీరంజనిగారు. పల్లెలనుండి ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చి జనులు చూచిన చిత్రమది. ఆ శ్రీరంజనిగారు 1939లోనే, చిన్నవయసున, కనుమూసిరి. తదుపరి ఆమె చెల్లెలు అదే పేరుతో తెరకు వచ్చి 1949లో 'గుణసుందరి కథ'లో నాయికయై కీర్తి గడించిరి. నాటినుండి అక్కగారు చరిత్రలో 'సీనియర్ శ్రీరంజని'గా మిగిలిరి. తన పేరును తాను నిలుపుకొనుటకు కూడ మరియొకరితో పోల్చి చెప్పవలసిన దుస్థితి! పుల్లయ్యగారే తన కుమారుడు సి.ఎస్. రావుగారితో కలిసి 1963లో 'లవకుశ'ను పూర్తి వర్ణచిత్రముగా మరల తీసిరి. నేడు లవకుశ యనగానే ఆ చిత్రమే స్ఫురించును. అందులోని బాలురిద్దరిని ఎరుగని ఇల్లు లేదు. కాని వారు నాగరాజు, సుబ్రహ్మణ్యము అని చెప్పగల ఇండ్లు ఎన్ని?

బాలురనగా జ్ఞాపకమునకు వచ్చు మాట మరియొకటి. 1936లో పుల్లయ్యగారు పిల్లలనే నటులుగా పెట్టి 'సతీ అనసూయ', 'ధ్రువ విజయము' చిత్రములను తీసిరి. ఆ 'అనసూయ'లో తొలిసారి తెరకెక్కిన బాలిక కృష్ణవేణి. ఆమెయే పెద్దదై 1949లో 'మనదేశము' చిత్రమును నిర్మించి నందమూరి రామారావును తెరకు పరిచయము చేసినది. 2025 ఫిబ్రవరి 16న, నూరేండ్లు నిండిన పిమ్మట, హైదరాబాదులో ఆమె కన్నుమూసినారు. ఆ తొలినాళ్ళను తాము చూచిన కన్నులతో చెప్పగలవారు ఇక దాదాపు లేరనియే చెప్పవలయును.

'వరవిక్రయము'ను భానుమతిగారి తొలి చిత్రముగా అందరు నెరుగుదురు. అందు సింగరాజు లింగరాజను పిసినారి మామగారి పాత్ర ధరించినది బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు. తెలుగుదేశమున ఊరూర ఆడిన హరిశ్చంద్ర నాటకమును రచించిన కవి ఆయనయే. సత్యమునకై ఆలుబిడ్డల నమ్ముకొన్న రాజును సృష్టించిన చేయి, కట్నమునకై కొడుకునమ్ము తండ్రి వేషమున కాసులు లెక్కించినది. ఇట్టి వైచిత్రిని గ్రహించి ఆనందించుటకు ముందు పేరు తెలియవలయును. పేరు తెలియనివారికి అక్కడ ఒక ముసలి లోభి మాత్రమే కనబడును.

ఇక డాక్టరు గోవిందరాజుల సుబ్బారావుగారు. వృత్తిచే వైద్యులు. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారి 'మాలపిల్ల'లో పూర్వాచారపరాయణుడైన సుందరరామశాస్త్రి, 1942లో జెమినీవారి 'బాలనాగమ్మ'లో మాయల మరాఠి, 1949లో 'గుణసుందరి కథ'లో ముగ్గురు కుమార్తెల తండ్రియైన రాజు, 1955లో 'కన్యాశుల్కము'లో లుబ్ధావధానులు - ఈ నాలుగు పాత్రలును ఒక్క మనిషి ధరించెననిన తెలియనివారు నమ్మజాలరు. ఆచారముచే గట్టిపడిన పెద్దమనిషి, పిల్లలను జడిపించిన మాంత్రికుడు, ప్రేమచే కనులు మూసుకొన్న తండ్రి, డబ్బుచే వణకు ముదుసలి! నటుడు పాత్రలో కరగిపోవుటయే కళ యందురు. అట్లు పూర్తిగా కరగిపోయినవానిని లోకము పూర్తిగా మరచినది. కళలో గెలుపే కీర్తిలో ఓటమి యైనది.

సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారి సంగతి వేరు. 1936 నాటి 'ద్రౌపదీ వస్త్రాపహరణము'లో ఆయన శ్రీకృష్ణుడు. 1939లో పి. పుల్లయ్యగారి 'శ్రీ వెంకటేశ్వర మాహాత్మ్యము'లో ఆయనయే వెంకటేశ్వరస్వామి. కాలక్రమమున దైవపాత్రలు ఇతరులకు దక్కినవి. ఆయన 'పాతాళభైరవి'లో ఉజ్జయినీ రాజై, 'కన్యాశుల్కము'లో రామప్పపంతులై, 'మాయాబజార్'లో శకునియై 1963లో కీర్తిశేషులైరి. ఒకప్పుడు కృష్ణుడైనవాడు ఇరువదియొక్క యేండ్ల పిమ్మట కృష్ణుని యెదుట శకునియై నిలిచి, పాచికలు గలగలలాడించుచు చిరునవ్వు నవ్వెను. ఆ నవ్వులో విచారపు ఛాయ యేమియు లేదు. చేతికి వచ్చిన వేషమును పరిపూర్ణముగా చేయుట ఆ తరము నటుల నీతి.

అయితే ఈ మరపు కథలన్నియు ఇంత మెత్తగా ముగియలేదు. కాంచనమాలగారిని తలచుకొనిన మనసు బరువెక్కును. 1935లో 'శ్రీకృష్ణ తులాభారము'లో చిన్న వేషము, 1937లో కలకత్తా అరోరా వారికై వంగనటుడు అహీంద్ర చౌధురి దర్శకత్వము వహించిన 'విప్రనారాయణ'లో ముఖ్యపాత్ర, 1938లో 'మాలపిల్ల', 'గృహలక్ష్మి', 1939లో 'వందేమాతరము', 1940లో 'ఇల్లాలు'. ఆమె బొమ్మగల క్యాలెండరు లేని తెలుగు ఇల్లు లేదని ఆనాడు చెప్పుకొనిరి. 1942 నాటి 'బాలనాగమ్మ' ఘనవిజయము పొందినది. కాని ఆ చిత్రనిర్మాణ కాలమున స్టూడియోతో ఏర్పడిన వివాదమును, ఒప్పందపు చిక్కును ఆమె నటజీవితమునకు అడ్డుగోడ లయినవని చలనచిత్ర చరిత్రకారులు వ్రాసిరి. భర్తృవియోగము తోడైనది. మనస్సు చెదరినది. ఇరువది యేండ్ల పిమ్మట, 1963లో, లక్ష్మీరాజ్యముగారు తాము నిర్మించిన 'నర్తనశాల'లో ఆమెను కొద్దిసేపు తెరపై చూపిరి. ఆమె 1981లో మరణించిరి.

ఇచట హాలీవుడ్ కథ నొకటి ప్రక్కన పెట్టి చూడదగును. ఆ దేశమందును స్టూడియోలు నటులను ఏడేండ్ల ఒప్పందములతో బంధించెడివి. వేషము వలదనిన నటుని పని నిలిపివేసి, ఆ నిలిచిన కాలమును ఒప్పందమునకు చేర్చి పొడిగించెడివి. ఒలివియా డి హావిలాండ్ అను నటి వార్నర్ బ్రదర్స్‌పై న్యాయస్థానమున పోరాడి, 1944లో తీర్పు గెలిచెను. ఏడేండ్లనగా క్యాలెండరులోని ఏడేండ్లే కాని పొడిగింపులతో కూడినవి కావని కాలిఫోర్నియా న్యాయస్థానము నిర్ణయించినది. ఆ తీర్పు నేటికిని ఆమె పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. ఇంచుమించు అవే సంవత్సరములలో ఇచట కాంచనమాలగారికి అండగా అట్టి తీర్పు లేదు, సంఘమును లేదు. ఉద్యోగ సంఘముల విలువ నెరిగిన ఈ సభకు ఆ భేదమును వివరింప నక్కరలేదు.

ఇంతకును వీరు మరుగున పడుటకు హేతువు లేమి? మొదటిది, కాలముతో మారిన పరికరము. తొలి టాకీలలో నటుడే పాడవలయును. ఆ పాట నటనతోపాటే మైకులో పడవలయును. అందుచేత గొంతుకలవాడే నటుడు. 1940 దాటిన పిమ్మట నేపథ్యగానము స్థిరపడగా, అందమైన ముఖమునకు అరువు గొంతుక దొరకినది. పద్యము పాడగల నాటక నటుని ప్రత్యేకత ఒక్కసారిగా తగ్గిపోయినది.

రెండవది, చిత్రములే నశించుట. ఆనాటి ఫిల్ము నైట్రేటుతో చేయబడినది. నిప్పు తగిలిన భగ్గున మండును, మండకున్నను కాలక్రమమున పొడియై రాలును. ఆట ముగిసిన ప్రతులనుండి వెండిని తీసికొనుటకు కరగించుటయు లోకమంతట జరిగినది. అమెరికాలో 1912 మొదలు 1929 వరకు నిర్మింపబడిన దాదాపు 11,000 మూకీ కథాచిత్రములలో తొలి రూపమున నిలిచినవి 14 శాతము మాత్రమే యని అచటి కాంగ్రెసు గ్రంథాలయము 2013లో ప్రకటించినది. మన దేశమున జాతీయ చలనచిత్ర భాండారము పూనాలో 1964లో గాని ఏర్పడలేదు. అప్పటికి తెలుగు టాకీ పుట్టి ముప్పది రెండేండ్లు గడచినవి. 'భక్త ప్రహ్లాద' నేడు చూడదలచినవారికి లభింపదు. చిత్రము లేనిచోట నటుని సాక్ష్యము పలుకువా రెవరు?

మూడవది, మన అలవాటు. ఆట మొదలైన పిమ్మట హాలులోనికి వచ్చుట, పేర్లు పడునపుడు మాటలాడుకొనుట, ఆట ముగియకమునుపే లేచుట. నటుడైన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారు తోటి నటుల జీవితములను సేకరించి 'నటరత్నాలు' అను గ్రంథమును రచింపకున్నచో నేడు ఈ మాత్రపు పేర్లును దొరకకుండెడివి. ఒక నటుడు ఇతర నటుల పేర్లను నిలుపుటకు పూనుకొనుట ఆ రంగమున అరుదైన ఔదార్యము.

మొదటి రెండు హేతువులపై ఇక చేయగలది లేదు. మూడవదానిపై మాత్రము ఈ సంఘము చేయదగిన పని కలదు. తెలుగు చిత్రములు ఆడినపుడు హాలు వాకిట అమ్మిన పాటల పుస్తకములు, గ్రామఫోను ప్లేట్లు, వీధులలో పంచిన కరపత్రములు, నాటకములనాటి ఛాయాచిత్రములు ఈ ఊరి కుటుంబముల పాత ట్రంకుపెట్టెలలో ఇంకను ఉండవచ్చును. ఉద్యోగ విరమణ దినము రాగానే క్వార్టరు ఖాళీ చేయవలయును. ఆ తొందరలో పాత కాగితములు తూకమునకు పోవును. కిలో కాగితమునకు వచ్చు కొద్దిపాటి రూపాయలతో ఒక నటుని జీవితమున మిగిలిన కడపటి సాక్ష్యము సమసిపోవును. పెట్టె తూకమువానికి ఇచ్చుటకు ముందు ఒక్కసారి సంఘ కార్యాలయమునకు తెచ్చి చూపుడని సభ్యులకు విన్నపము. చేతిలోని ఫోనుతోనే ప్రతి పుటకును బొమ్మ తీసి, తెచ్చినవారి కాగితములను వారికే తిరిగి ఇచ్చివేయవచ్చును. ఖర్చు లేదు, శ్రద్ధ కావలయును. ఇంటి పెద్దలు ఎవరైన ఆనాటి నాటకములను, ఆటలను గూర్చి చెప్పగలిగినచో ఆ మాటలను రికార్డు చేయించుట ఇంకను ముఖ్యము. కాగితమైనను కొంతకాలము నిలుచును, జ్ఞాపకము నిలువదు.

రెండవ సూచన ఇంకను చిన్నది. సంఘ వేదికపై నాటక మాడినపుడు నాయకుని పేరు, నాయిక పేరు గట్టిగా చదివి, తక్కినవారిని 'తదితరులు' అనుట ఆచారమైనది. ఆ 'తదితరులు' అను మాటలోనే శకునులును, శాస్త్రులును, లంబు జంబులును పూడిపోయిరి. ఇక మీదట ద్వారపాలకుడు మొదలు హార్మోనియము వాయించినవాని వరకు, రంగు పూసినవాని వరకు, తెర లాగినవాని వరకు అందరి పేర్లను వేదికపై చదివి, మరుసటి సంచికలో అచ్చువేయుట మేలు. దానికి పట్టునది రెండు నిమిషములు, అర పుట.

నేటి సాయంకాలము ఇంటికి పోయినపుడు పిల్లలతో కూర్చుండి 'మాయాబజార్' మరియొకసారి చూచునది. ఈ మారు పేర్లు పడునపుడు ఎవరును మాటలాడవలదు. శకుని పాచికలు విసరిన చోట ఆపి, "ఈయన పేరేమి?" అని మనుమని అడుగునది. వాడు చెప్పలేనిచో చెప్పవలసిన భారము పెద్దలది.